బస్సుకిచ్చిన కబురు

1977 నవంబరు 19, శనివారం. బంగాళాఖాతంలోంచి వచ్చిన తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. మన వైపు తీరం దాటే తుఫానుకి కుడిపక్కన ఉన్న ఊళ్ళ మీదే సముద్రం ఎక్కువగా ఎగబడుతుంది. ఆ కుడిపక్కన ఉన్నది దివిసీమ. అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి, కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చేసింది. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్ళు సుమారు 10,000 మంది. ఆ లెక్క బాగా తక్కువనేవాళ్ళే దివిలో ఎక్కువ. టెలిఫోను స్తంభాలు, తంతి తీగలు, రోడ్డు పక్క చెట్లు కలిసే కూలిపోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి చివరి ఊళ్ళలో ఏం జరిగిందో అవనిగడ్డకి తెలియాలంటే, బతికినవాళ్ళెవరో బురదలో నడిచి రావాలి.

నవంబరు 22, మంగళవారం. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బేషోర్ ఫ్రీవే మీద ఒక వ్యాను వెళ్తోంది. చూడ్డానికి బేకరీవాళ్ళు బ్రెడ్డు తిప్పే బండిలా ఉంటుంది. లోపల ఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థ ఇంజనీర్లు, ఒక కంప్యూటరు, ఒక రేడియో. నడుస్తున్న ఆ బండిలోంచి బయల్దేరిన డేటా ముక్కలు రేడియో నెట్‌వర్క్ మీదుగా ఆర్పానెట్‌లోకి, అక్కణ్ణుంచి ఉపగ్రహం ఎక్కి అట్లాంటిక్ దాటి యూరపు వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, లాస్ ఏంజెలెస్‌లో ఒక కంప్యూటర్ని చేరాయి. మూడు వేర్వేరు నెట్‌వర్కులు ఒకే భాషలో మాట్లాడుకున్న మొదటి ప్రదర్శన అది. ఇంటర్నెట్ పుట్టినరోజు ఏది అని వాదించుకునేవాళ్ళలో చాలామంది ఆ రోజునే చూపిస్తారు. ఆ వ్యాను ఇప్పుడు కాలిఫోర్నియాలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది.

ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు. ఒకటి మాకు జరిగింది, ఇంకొకటి వాళ్ళు చేసింది. కానీ మాది మొవ్వ. దివిసీమకి పైన, కూచిపూడి పక్కన. ఎం.టెక్‌లో నేను తీసుకున్న అంశమేమో నగరాల్లో నడుస్తున్న వాహనాల మధ్య వైర్‌లెస్‌లో డేటా ఎలా దారి వెతుక్కుంటుంది అన్నది. అందుకని ఈ మూడు రోజుల తేడా నన్ను ఎప్పుడూ వదల్లేదు. వాహనాల నెట్‌వర్క్‌ల చరిత్ర అని ఎక్కడ చదివినా ఆ వ్యానుతోనే మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ చరిత్ర అటు వైపు నుంచే కాకుండా, మా వైపు నుంచి కూడా చెప్పుకోవచ్చనిపిస్తుంది.

ముందు అసలు చిక్కేమిటో చూద్దాం. మీ ఫోను పనిచేస్తోందంటే ఎక్కడో ఒక టవరు కదలకుండా నిలబడి ఉంది. ఆ టవరుకి వెనక తీగ ఉంది. నెట్‌వర్క్ అంటే మనకి తెలిసిందల్లా కదలని వస్తువుల ఏర్పాటే. ఇప్పుడు టవరూ తీగా తీసెయ్యండి. రోడ్డు మీద కార్లు, బస్సులు, ఆటోలు మాత్రం ఉన్నాయి. ప్రతిదాంట్లో ఒక చిన్న రేడియో, రెండు మూడు వందల మీటర్లకి మించి వినపడనిది. బెంజ్ సర్కిల్ దగ్గర ఉన్న బండిలోంచి గన్నవరం దగ్గరున్న బండికి ఒక మాట చేరాలి. మధ్యలో ఉన్న బళ్ళే ఒకదానికొకటి అందించుకోవాలి. ఈ క్షణం పక్కనున్న బండి వచ్చే నిమిషానికి ఇంకో రోడ్డెక్కేస్తుంది. దారి అనేది ఉందనుకునేలోపే ఉండదు. మరి ఎవరి చేతికి ఇవ్వాలి?

ఈ ప్రశ్న కృష్ణా డెల్టాకి కొత్తది కాదు.

విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కి పూర్తయింది. ఆ కాలవలు పొలాలకి నీళ్ళివ్వటానికే కాకుండా పడవలు తిరగటానికి కూడా తవ్వినవి. బందరు కాలవ మీద ధాన్యం, మనుషులు, పెళ్ళి సామాను, వాటితో పాటు కబుర్లు. పడవకి తాడు కట్టి గట్టు మీద మనుషులు లాక్కెళ్ళేవాళ్ళు. లాకుల దగ్గర ఎంతటి పడవైనా ఆగాల్సిందే, నీటి మట్టం సరిచేసేదాకా. ఎదురుపడిన పడవలు ఆగే చోటు కూడా అదే కాబట్టి, పైకి పోయేవాడు కిందికొచ్చేవాడికి మాట అందించే చోటూ అదే. తర్వాత రోడ్లొచ్చాయి, బస్సులొచ్చాయి, కాలవల మీద పడవలు పోయాయి. లాకులు చేసే పని సెంటర్లు చేయటం మొదలుపెట్టాయి. మా వైపు నాలుగు రోడ్లు కలిస్తే అది ‘సెంటరు’. పామర్రు సెంటర్లో నిలబడితే విజయవాడ, బందరు, గుడివాడ, చల్లపల్లి, నాలుగు దిక్కుల బస్సులూ దొరుకుతాయి. దివికి రైలు లేదు. గుడివాడ మీదుగా బందరు దాకా వచ్చిన పట్టాలు అక్కడితో సరి. కాబట్టి దివికి ఏది వెళ్ళినా, ఏది వచ్చినా, బస్సులోనే.

తొంభైల మొదట్లో మా ఇంట్లో ఫోను లేదు. చల్లపల్లికి అవతల చిన్న ఊళ్ళో ఉండే తమ్ముడికి మా అమ్మమ్మ కబురు పంపాలంటే బస్సు దగ్గరికి వెళ్ళేది. నాకు ఆరేడేళ్ళు, వెంట ఉండేవాణ్ణి. టిఫిను క్యారియరో, మందుల పొట్లమో, మడిచిన కాయితమో చేతిలో పట్టుకుని, “కండక్టరుగారూ, ఇది చల్లపల్లి సెంటర్లో సోడా కొట్టాయనకి ఇచ్చెయ్యండి బాబూ. మా తమ్ముడు సాయంత్రం సంతకొస్తాడు, తీసుకుంటాడు” అనేది.

“ఆయన కొట్టు తియ్యకపోతేనో మామ్మగారూ?”

“తియ్యకపోతే మీ దగ్గరే ఉంచండి. తిరుగు బస్సుకి నేను ఇక్కడే ఉంటా.”

“సరే, ఇట్టా ఇవ్వండి.”

అంతే. దీని గురించి పాతికేళ్ళ వయసులో వాహన నెట్‌వర్క్‌ల మీద పరిశోధన పత్రాలు చదువుతున్నప్పుడు ఆలోచించాను. అమ్మమ్మ చెప్పిన రెండు వాక్యాల్లో చేరాల్సిన మనిషి, మధ్యలో దింపాల్సిన చోటు, అక్కడ ఎంతసేపు ఆగాలో, అందకపోతే ఏం చెయ్యాలో అన్నీ ఉన్నాయి. చేరాల్సినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో ఆవిడకి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. ఏ బస్సు ఎటు పోతుందో తెలుసు, ఏ సెంటర్లో ఎవరు రోజంతా కదలకుండా కూర్చుంటారో తెలుసు. ఆ రెండూ చాలు.

ఇంజనీర్లకి ఈ సంగతి అర్థం కావటానికి పాతికేళ్ళకి పైగా పట్టింది. ఎగతాళికి అనటం లేదు, వాళ్ళు బయల్దేరిన చోటు వేరు.

1971లో హవాయి దీవుల మధ్య నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ నడిపింది. దాన్ని చూసి అమెరికా రక్షణ పరిశోధన విభాగం కదిలే సైన్యాలకి పనికొచ్చే రేడియో నెట్‌వర్క్ మీద డబ్బు పెట్టింది. ఆ బ్రెడ్డు వ్యాను అందులోంచి వచ్చిందే. 1976 ఆగస్టులో ఇదే వ్యానుని పోర్టోలా వ్యాలీలో ఒక బీరు తోట బయట ఆపి, లోపల బల్ల మీద టెర్మినల్ పెట్టి, రెండు నెట్‌వర్కుల మీదుగా మొదటి సందేశం పంపారు. ఇంటర్నెట్ చరిత్రలో నాకు బాగా నచ్చిన దృశ్యం అది. అయితే ఆ వ్యాను ఒక్కటే బండి. అది మాట్లాడింది కొండల మీద కదలకుండా పెట్టిన రేడియో పెట్టెలతో. బళ్ళు బళ్ళతోనే మాట్లాడుకోవటం అనే సమస్య అప్పటికి ఎదురు కాలేదు.

తొంభైల్లో లాప్‌టాపులు, వైర్‌లెస్ కార్డులు వచ్చాక ఎదురైంది. 1994లో ఛార్లెస్ పెర్కిన్స్, ప్రవీణ్ భగవత్ ఒక పద్ధతి చెప్పారు. ప్రతి యంత్రం మిగతా అన్ని యంత్రాలకీ దారి రాసిపెట్టుకున్న పట్టిక ఉంచుకోవాలి, అది మారినప్పుడల్లా పక్కవాళ్ళకి చెప్పాలి. ఒక గదిలో పదిమంది లాప్‌టాపులు పెట్టుకుని కూర్చుంటే బాగానే ఉంటుంది. రోడ్డు మీద గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బళ్ళకి పట్టిక రాసుకునేలోపే పాతబడిపోతుంది. 1999లో పెర్కిన్స్, ఎలిజబెత్ రాయర్ దాన్ని మార్చారు. పట్టిక ముందే వద్దు, అవసరం పడినప్పుడే కేకవేసి దారి కనుక్కో అన్నారు. ‘ఫలానావాడెక్కడున్నాడు?’ అని పక్కవాణ్ణి అడగటం, వాడు తన పక్కవాణ్ణి అడగటం. పెళ్ళింట్లో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికినట్టు.

అందరూ ఒకేసారి కేకలేస్తే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అదే ఏడాది, 1999లో, తైవాన్ పరిశోధకులు ఈ గోలకి ఒక పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే ప్రసారాల తుఫాను. అందిన ప్రతి యంత్రమూ అదే కబురుని మళ్ళీ చాటితే, కబురే కబురుకి అడ్డం పడుతుంది. తుఫాను అనే మాటని వాళ్ళు ఉపమానంగానే వాడారు. ఆ పత్రం మొదటిసారి చదివినప్పుడు ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. మా వైపు ఆ మాటని ఉపమానంగా వాడటం అంత తేలిక కాదు.

2000లో బ్రాడ్ కార్ప్, హెచ్. టి. కుంగ్ ఇంకోలా ఆలోచించారు. జీపీఎస్ వచ్చేసింది కదా, ప్రతి యంత్రానికీ తను ఎక్కడుందో తెలుసు. ఇక దారులెందుకు, పట్టికలెందుకు? నీ చుట్టూ ఉన్నవాళ్ళలో గమ్యానికి అందరికన్నా దగ్గరగా ఎవడున్నాడో వాడికి ఇచ్చెయ్. వాడూ అలాగే చేస్తాడు. దీన్ని అత్యాశ పద్ధతి అంటారు. ముందుచూపు లేకుండా, ఇప్పటికి ఏది దగ్గరైతే అది. చాలావరకు పనిచేస్తుంది. ఎక్కడ పనిచెయ్యదో చెప్పటానికి వాళ్ళు కాగితం మీద బొమ్మ గీశారు. నాకు ఆ బొమ్మ అక్కర్లేకపోయింది, పులిగడ్డ ఉంది కాబట్టి.

అవనిగడ్డ పక్కన పులిగడ్డలో కృష్ణ ఒడ్డున నిలబడితే అవతల ఒడ్డు పెనుమూడి. ఆ పైన కాస్త దూరంలో రేపల్లె, అక్కడ రైలు స్టేషను. కంటికి దగ్గరే. కానీ వంతెన కట్టేదాకా, అంటే మొన్న మొన్న ఈ శతాబ్దం వచ్చేదాకా, రోడ్డు మీద రేపల్లె వెళ్ళాలంటే నదికి అడ్డంగా పోవటం కుదరదు. వెనక్కి తిరిగి, విజయవాడ దాకా ఎగువకి పోయి, ప్రకాశం బ్యారేజీ దాటి, మళ్ళీ అవతలి ఒడ్డున దిగువకి రావాలి. లేదా పడవ కోసం కూర్చోవాలి. రేపల్లెకి కబురు అందించాలనుకున్న అత్యాశ పద్ధతి ఏం చేస్తుంది? పులిగడ్డ రేవు దాకా చకచకా వచ్చేస్తుంది, ప్రతి అడుగూ గమ్యానికి దగ్గరవుతూ. రేవులో నిలబడి చూస్తే ముందు నీళ్ళు, వెనక్కి ఎవరికిచ్చినా దూరమే. అక్కడే చచ్చిపోతుంది. కార్ప్, కుంగ్ దీనికి విరుగుడు కూడా చెప్పారు. అలా ఇరుక్కుంటే ఖాళీ జాగా అంచు పట్టుకుని చుట్టూ తిరుగు అని. అంటే విజయవాడ మీదుగా వెళ్ళమనే.

నగరాల్లో నది లేకపోయినా మేడలున్నాయి. వరస మేడల వెనక వీధిలో బండి యాభై మీటర్ల దూరంలో ఉన్నా రేడియోకి వినపడదు. జర్మనీలో ఫ్లీట్‌నెట్ అనే ప్రాజెక్టులో పనిచేసినవాళ్ళు 2003లో బెర్లిన్ పటం మీద దీన్ని పరీక్షించి, దూరం కొలిచి లాభం లేదు, వీధుల పటం చూసి వెళ్ళాలి అని తేల్చారు. రెండేళ్ళ తర్వాత ఇంకో మాట కలిపారు. నిర్ణయం తీసుకోవాల్సింది కూడళ్ళ దగ్గరున్న బళ్ళు మాత్రమే, వీధి మధ్యలో ఉన్నవి కేవలం ముందుకి అందిస్తే చాలు. కూడలిలో ఉన్న బండికే నాలుగు వైపులా కనిపిస్తుంది కదా. సోడా కొట్టాయన చల్లపల్లి సెంటర్లోనే ఎందుకుండాలో దీనికన్నా చక్కగా ఎవరూ చెప్పలేదు.

కానీ పటంలో వీధి ఉంటే సరిపోదు. ఆ వీధిలో బళ్ళుండాలి. 2004లో సింగపూర్‌లో కొంతమంది ఏ-స్టార్ అనే పద్ధతి చెప్పారు. నాకు ఈ మొత్తం చరిత్రలో మలుపు ఇక్కడే. ఏ వీధిలో బళ్ళు ఎక్కువుంటాయో తెలుసుకోవటానికి వాళ్ళు ఎక్కడో సెన్సర్లు పెట్టలేదు. సిటీ బస్సుల రూట్లు చూశారు. ఎక్కువ బస్సులు తిరిగే వీధిలో జనమూ బళ్ళూ ఉంటాయి, కాబట్టి కబురు ఆ వీధిన పంపితే చేతులు మారటానికి ఎవరో ఒకరు దొరుకుతారు. కొంచెం చుట్టైనా సరే. పరిశోధన పత్రంలో ఈ వాక్యం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మొవ్వలో దీన్ని ఎవరికైనా చెబితే, ‘అయితే?’ అంటారు.

ఇంకా ఒక మెట్టు మిగిలింది. అన్నిటికన్నా కష్టమైనది అదే అనుకుంటాను, ఎందుకంటే అది అలవాటుకి సంబంధించింది. నెట్‌వర్క్ ఇంజనీరుకి డేటా అంటే వెంటనే వెళ్ళిపోవాలి. పక్కన ఎవరూ లేకపోతే పారెయ్యాలి. రౌటర్లు నిజంగానే పారేస్తాయి. ‘ఉంచుకో, మోసుకుపో, ఎవరైనా కనిపిస్తే ఇవ్వు’ అన్నది నెట్‌వర్క్‌లాగా కాకుండా తపాలాలాగా వినిపిస్తుంది. 2000లో అమిన్ వాదత్, డేవిడ్ బెకర్ ఎదురుపడిన ప్రతివాడికీ ఒక నకలు అంటించే పద్ధతి రాశారు. దానికి అంటువ్యాధి పేరే పెట్టారు. 2003లో కొందరు ఇలా మోసుకుపోయే వాహనాలకి కంచరగాడిదలని పేరు పెట్టారు. (మా కండక్టరుకి ఈ పేరు చెప్పలేదు.) 2006లో పెన్సిల్వేనియాలో జింగ్ జావో, గువోహాంగ్ కావో కూడలికి వచ్చిన బండి ఏ దిక్కున వెళ్ళే బండికి ఇస్తే ఆలస్యం తగ్గుతుందో లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. ఆమ్‌హర్స్ట్‌లో విశ్వవిద్యాలయం వాళ్ళు నిజం బస్సులకే కంప్యూటర్లు బిగించి, ఎదురుబొదురుగా పోయే రెండు బస్సులకి దొరికే కొద్ది సెకన్లలో ఎంత డేటా మారుతుందో కొలిచారు.

మన దగ్గరా జరిగింది. కర్ణాటకలో దొడ్డబళ్ళాపురం తాలూకాలో, 2000ల మొదట్లో, ఎం.ఐ.టి. నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఊళ్ళ మధ్య తిరిగే మామూలు బస్సుకి వైర్‌లెస్ పెట్టె బిగించారు. భూమి రికార్డుల కోసం రైతు ఊళ్ళో కియోస్కులో అడిగిన వినతి అక్కడే ఆగి ఉంటుంది. బస్సొచ్చి ఆగగానే దాంట్లోకి ఎక్కుతుంది. బస్సు తాలూకా కేంద్రానికి చేరాక దిగుతుంది. జవాబు తిరుగు బస్సులో. దానికి డాక్‌నెట్ అని పేరు పెట్టారు. డాక్, మనం తపాలా అనేది. తెలుగు బ్లాగర్లు ఇరవై ఏళ్ళ కిందట తమ రాతలకి ‘టపా’ అని పేరు పెట్టుకున్నారు కదా, ఆ టపా ఇక్కడ మళ్ళీ బస్సెక్కింది. డాక్‌నెట్ గురించి రాసినవాళ్ళు దాన్ని పేద దేశాలకి చవకైన ఉపాయంగా రాశారు. నాకు ఆ మాట అంత రుచించదు. అది చవక కాబట్టి గొప్పది కాలేదు. ఆగటం తప్పు కాదని ఒప్పుకున్న నెట్‌వర్క్ అది.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చప్పగా ఉంటుంది. అమెరికా 1999లోనే వాహనాలు మాట్లాడుకోవటానికి 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ జాగా విడిగా కేటాయించింది. వైఫైని రోడ్డుకి తగ్గట్టు మార్చిన ప్రమాణం 2010లో వచ్చింది. బళ్ళు ఢీకొనకుండా ఒకదాన్నొకటి హెచ్చరించుకుంటాయన్నారు. ప్రతి కారులో తప్పనిసరి చేస్తామన్నారు, చెయ్యలేదు. 2020 నవంబరులో ఆ జాగాలో 45 మెగాహెర్ట్జ్ తీసి మామూలు వైఫైకి ఇచ్చేశారు, మిగిలింది సెల్యులర్ సాంకేతికతకి. యూరప్‌లో 2019 తర్వాత కొన్ని కార్లలో ఆ రేడియో వచ్చింది, అంతే. ఈలోపు టవర్లు అన్ని చోట్లా వచ్చేశాయి. ఇవాళ ఆర్టీసీ బస్సు ఎక్కడుందో ఫోనులో చూడొచ్చు. కానీ ఆ బస్సు మాట్లాడేది సిమ్ కార్డులోంచి దూరాన ఉన్న సర్వరుతో. ఎదురుగా వచ్చే బస్సుతో మాట్లాడదు. పామర్రు సెంటర్లో పక్కపక్కన ఆగిన రెండు బస్సులకి ఒకదాని సంగతి ఒకదానికి తెలియాలంటే, ఆ మాట ఎక్కడో డేటా సెంటరుకి వెళ్ళి తిరిగి రావాలి. టవరు నిలబడి ఉన్నంతకాలం ఇందులో తప్పేమీ లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదే తీరం దాటింది. దివిసీమ లాంటి మారుమూల కాదు, పెద్ద నగరం. కరెంటు పోయింది, టవర్లు పోయాయి, రోజుల తరబడి ఫోన్లు పలకలేదు. గాలి తగ్గాక నగరం నిండా లక్షల బళ్ళున్నాయి. పెట్రోలు కోసం, పాల కోసం, అవతలి వీధిలో ఉన్న అమ్మానాన్నల కోసం రోడ్డెక్కి తిరుగుతున్నాయి. ప్రతి బండిలో ఉన్న మనిషి జేబులో ఒక రేడియో ఉంది. మేం పదిహేనేళ్ళుగా పత్రాల్లో రాసుకున్న నెట్‌వర్క్‌కి కావాల్సిన సరుకంతా ఆ వీధుల్లో ఉంది. అయినా ఒక్క బండి ఇంకో బండికి కబురు అందించలేదు, ఎందుకంటే అలా అందించటం వాటికి ఎవరూ నేర్పలేదు. మనుషులే అందించుకున్నారు. ‘ఎంవీపీ కాలనీ వైపు వెళ్తున్నారా? మా అన్నయ్యకి మేం బాగానే ఉన్నామని చెప్తారా?’

అయితే ఇక్కడ నా విద్యని నేను మరీ వెనకేసుకు రాలేను. 1977లో ఈ పద్ధతులన్నీ ఉండి ఉంటే సొర్లగొందికి ఏమైనా మేలు జరిగేదా అని చాలాసార్లు ఆలోచించాను. జరిగేది కాదు. బళ్ళ మీద నడిచే నెట్‌వర్క్‌కి బళ్ళుండాలి. ఏ-స్టార్ బస్సులున్న వీధినే ఎంచుకుంటుంది, అంటే బస్సులేని ఊరిని అది చూడనైనా చూడదు. మా పత్రాల పేర్లలో ‘నగర’ అనే మాట ఊరికే రాదు. మాన్‌హటన్ గళ్ళ వీధులు, బెర్లిన్, సింగపూర్. జనం దట్టంగా ఉన్న చోట ఈ లెక్కలన్నీ అందంగా తేలతాయి. దారి చివర, ఆ తర్వాత సముద్రమే ఉన్న చోట, రోజుకి రెండు ట్రిప్పులు తిరిగే బస్సున్న చోట, లెక్క అంత అందంగా ఉండదు. తుఫాను రాత్రి ఆ బస్సూ రాదు. ఎవరికి అత్యవసరమో వాళ్ళకే ఈ నెట్‌వర్క్ పలచబడుతుంది. మా రంగంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పత్రం చివర, ముందుముందు చెయ్యాల్సిన పనుల్లో ఒక వాక్యంగా రాసి ఊరుకుంటారు. నేనూ అలాగే రాశాను, అప్పట్లో అదే మర్యాద.

దివికి తర్వాత మేలు చేసింది పైనుంచి వచ్చింది. ఎనభైల్లో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తుఫాను హెచ్చరికలు పంపే ఏర్పాటు చేశారు. తీరంలో పెట్టిన పెట్టె ముందు సైరన్ మోగించి తర్వాత తెలుగులో చెబుతుంది. బందరులో వాతావరణ శాఖ రాడారు వచ్చింది. తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మేలో కృష్ణ ముఖద్వారం దగ్గరే ఇంకో పెద్ద తుఫాను తీరం దాటింది. ముందే లక్షల మందిని ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. 1977తో పోలిస్తే ఆ అంకె ఎంత పెద్ద మార్పో దివిలో ఎవరికీ వివరించక్కర్లేదు. కానీ ఉపగ్రహం లోపలికి మాత్రమే చెబుతుంది. ‘వస్తోంది, వెళ్ళిపోండి’ అని. ‘మేం ఇక్కడ ఇరవైమందిమి ఉన్నాం, నీళ్ళు లేవు’ అని ఊరు తిరిగి చెప్పటానికి ఆ పెట్టెలో నోరు లేదు. ఆ రెండో సగానికి ఇవాళ్టికీ మనం నమ్ముకున్నది టవర్లనే.

ఉద్యోగంలో పడ్డాక కూడా అప్పుడప్పుడూ సిమ్యులేటర్ తెరుస్తుంటాను. జర్మనీ వాళ్ళ సుమో అని ఒకటుంది, ఉచితం. దాంట్లోకి ఏ ఊరి పటమైనా ఎక్కించి బళ్ళు నడిపించొచ్చు. ఓసారి బెర్లిన్ తీసేసి మా పటం ఎక్కించాను. పామర్రు, కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, అక్కణ్ణుంచి చివరిదాకా. కార్లు వెయ్యలేదు, బస్సులే వేశాను. చివరి ఊళ్ళోంచి విజయవాడకి ఒక కబురు బయల్దేరదీశాను. నగరాల్లో ఆలస్యాన్ని సెకన్లలో కొలుస్తాం. ఇక్కడ తెర మీద గడియారం గంటల్లోకి వెళ్ళిపోయింది. ఎందుకో చూస్తే, మామూలు సంగతే. సాయంత్రం చివరి ట్రిప్పు నైట్ హాల్టు బస్సు. అది రాత్రికి ఊళ్ళోనే ఆగి, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా బయల్దేరుతుంది. కబురు ఆ బస్సెక్కింది. రాత్రంతా తెర మీద ఒకే చుక్క, రావిచెట్టు కిందో, గుడి పక్కనో, కదలకుండా. డ్రైవరూ కండక్టరూ బస్సులోనే నిద్రపోతారు. నాలుగున్నరకి చుక్క కదిలింది.